ముప్పై ఏడో నంబరు పరికరం

భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసేవాళ్ళకు ఒక అలవాటుంటుంది. రాయి కనిపిస్తే కొరుకుతారు. ఆకలేసి కాదు. బురద గట్టిపడితే బురదరాయి అవుతుంది, అంతకంటే కాస్త పెద్ద రేణువులున్న ఒండ్రు గట్టిపడితే ఒండ్రురాయి అవుతుంది. కంటికి రెండూ ఒకే బూడిద రంగు. చిన్న పలుకు విరిచి ముందుపళ్ళ మధ్య పెట్టి నూరితే బురదరాయి వెన్నలా జారిపోతుంది, ఒండ్రురాయి కరకరమంటుంది. విద్యుత్తు అక్కర్లేదు, మరమ్మతు అక్కర్లేదు. ప్రతివాడి నోట్లోనూ ప్రయోగశాల ఉంటుంది.

ఆమె కూడా కొరికింది. పెళ్ళయిన కొత్తలో కొరికింది, కడుపుతో ఉన్నప్పుడు కొరికింది, కాన్పయ్యాక పిల్లను ఒళ్ళో వేసుకుని కొరికింది. ఒక చేత్తో పాలసీసా, ఇంకో చేత్తో రాయి. పుట్టినప్పటి నుంచీ ఈ దృశ్యమే చూసిన పిల్లకు రాయి కూడా తిండి పదార్థమేనని తోచడంలో వింతేముంది? నాయనమ్మ ఆ పిల్లకు పిడుగు అని పేరు పెట్టింది. అసలు పేరు టీకాల కార్డు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

పిడుగుకు ఏడాదిన్నర వచ్చిన నెలలోనే శిశువిహారం నడిపే ఆవిడ ఆమెను గేటు దగ్గరే ఆపేసింది.

"మీ పాప పెరట్లో రాళ్ళు నాకుతోందమ్మా."

"నాకితే ఏం కాదండీ. మింగకుండా చూస్తే చాలు."

"మీ పాప ఒక్కతే అయితే చూద్దును. ఇప్పుడు పధ్నాలుగు మందీ నాకుతున్నారు. ఒకడు నాకి ఉమ్మేస్తే పక్కవాడు అదే రాయి తీసుకుని నాకుతున్నాడు. నేను నడిపేది శిశువిహారమా, గొర్రెల దొడ్డా?"

ఒకరు చేసిన పరీక్షను ఇంకొకరు స్వతంత్రంగా సరిచూడటం శాస్త్రంలో చాలా మంచి పద్ధతి అని ఆమె మనసులో అనుకుంది. పైకి అనే ధైర్యం లేకపోయింది. అప్పటికే ఆవిడ పిల్ల సంచీ, దుప్పటి, ఒంటి చెప్పు తెచ్చి చేతిలో పెట్టేసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అదీ సంగతి. సరిగ్గా నాలుగు రోజుల్లో డిపార్ట్‌మెంటు వాళ్ళ క్షేత్ర శిబిరం ఉంది. పది రోజులు కొండల్లో ఉండి రాళ్ళ పొరల పటం గీయాలి. అది గీయనివాళ్ళకు డిగ్రీ లేదు. మొదటిసారి శిబిరానికి ఆమెకు మూడో నెల, డాక్టరు కొండలెక్కొద్దంది. రెండోసారికి పిల్లకు ఆర్నెల్లు, పాలు మానలేదు. ఇది మూడోసారి. నాలుగోసారి అనేది నిబంధనల పుస్తకంలోనే లేదు. అత్తగారేమో కూతురి పురిటికి వెళ్ళి కూర్చుంది. భర్త రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు, రోజుకు పన్నెండు గంటల డ్యూటీ.

"పోనీ నేను షెడ్డుకి తీసుకుపోనా?" అన్నాడు అతను.

"అక్కడ నట్లుంటాయి, బోల్టులుంటాయి. రాయినే వదలనిది నట్టుని వదులుతుందా?"

"నట్టు నాకితే గ్రీజు రుచికి తనే మానేస్తుంది."

"అంత గొప్ప తండ్రివి నువ్వు!"

మర్నాడు పిల్లను చంకనేసుకుని ఆమె మాస్టారి గదికి వెళ్ళింది. శిబిరం నడిపేది ఆయనే. ఇరవై ఏళ్ళుగా హెల్మెట్టు పెట్టి పెట్టి ఆయన గడ్డం కింద పట్టీ ముద్ర శాశ్వతంగా ఉండిపోయింది. ఆయన అంతా విన్నాడు. పిల్ల ఈలోగా బల్ల మీదున్న కాగితాలు ఎగరకుండా పెట్టే బరువును ఎత్తి ఒకసారి నాకి, పెదవి విరిచి, తిరిగి పెట్టేసింది.

"గాజు," అన్నాడు మాస్టారు మెచ్చుకోలుగా. "కనిపెట్టేసింది. చూడమ్మాయ్, తీసుకురావడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ బస్సుకి ఆర్డరుంది. విద్యార్థులు, ఉపాధ్యాయులు, పరికరాలు. ఈ మూడూ తప్ప నాలుగోది ఎక్కకూడదు. కిందటేడు ఒకాయన బామ్మర్దిని ఎక్కించుకొచ్చాడు, అప్పటి నుంచీ ఈ గోల."

"మరెలా సార్?"

మాస్టారు పిల్లను ఎగాదిగా చూశాడు. "విద్యార్థి కాదు. ఉపాధ్యాయురాలూ కాదు." కలం మూత తీశాడు. "ఇక మిగిలింది ఒకటే."

అలా ఆయన స్టోరు నుంచి సామాన్లు కోరే ఇండెంటు ఒకటి రాశాడు. 'రేణు పరీక్షా పరికరం, చిన్నది, ఒకటి. శిబిరానికి అవసరం.' కింద సంతకం పెట్టాడు. పెట్టాక ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

ఆ నవ్వు స్టోరు దాకా సాగలేదు. స్టోరు చూసే పెద్దాయనను డిపార్ట్‌మెంటంతా బాబాయ్ అనే పిలుస్తుంది. సుత్తులు, దిక్సూచులు, జల్లెళ్ళు, రాళ్ళ డబ్బాలు, ఆ గదిలో ఉన్న పన్నెండు వందల చిల్లర వస్తువులూ ఆయన నాలుక చివర ఉంటాయి. ఆయన ఇండెంటు రెండుసార్లు చదివి, కళ్ళజోడు పైకి నెట్టి పిల్లను చూశాడు.

"మాస్టారు సంతకం పెడితే ఏనుగునైనా ఎక్కిస్తానమ్మా. కానీ తూకం వెయ్యందే ఎక్కించను."

పిల్లను రాళ్ళు తూచే కాటా మీద కూర్చోబెట్టాడు. పది కిలోల నాలుగు వందల గ్రాములు. టేపు పెట్టి కొలిచాడు. ఎనభై సెంటీమీటర్లు. నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టాడు. పన్నెండు. ఇదంతా రిజిస్టరులో గుండ్రటి చేతిరాతతో ఎక్కించాడు. శిబిరం జాబితాలో ముప్పై ఆరు వస్తువులు అప్పటికే ఉన్నాయి. ఇది ముప్పై ఏడోది.

"ఇక్కడో సంతకం. ఇక్కడో సంతకం."

"రెండెందుకు బాబాయ్?"

"స్టోరులో లేని వస్తువుని స్టోరు ఎలా ఇస్తుందమ్మా? ముందు నువ్వు నాకు అప్పజెప్పినట్టు ఒకటి. తరవాత నేను నీకు ఇచ్చినట్టు ఒకటి."

అవతల పిల్ల ఒక దిక్సూచి మూత నోట్లో పెట్టుకుంటోంది. ఆ కంగారులో ఆమె రెండు సంతకాలూ గీకేసి పరుగెత్తింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ క్షణాన ఆమె తన కన్నకూతురిని డిపార్ట్‌మెంటు స్టోరుకు రాసిచ్చి, మళ్ళీ అరువు తెచ్చుకుంది. అది తెలియడానికి ఏడాది పట్టింది.

శిబిరం ఒక వాగు పక్కన, పాడుబడ్డ గోదాములో. అక్కడికి చేరగానే ఆమె చేసిన మొదటి పని డిపార్ట్‌మెంటు జల్లెళ్ళు బయటికి తీయడం. చిన్నపిల్లల గొంతులో అడ్డంపడే వస్తువు ఎంత వెడల్పుంటుందో ఆమె ఎక్కడో చదివింది. మూడుంపావు సెంటీమీటర్ల లోపుది ఏదైనా ప్రమాదమే. ఆ కొలతకు దగ్గరి జల్లెడ పట్టుకుని గోదాము ముందు పదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు మేర ఉన్న గులకరాళ్ళన్నీ జల్లించి, చిన్నవి తట్టలకెత్తి వాగులో పోసింది. ఆ పనికి ఒక పూట పట్టింది. తోటి విద్యార్థులు, అందరూ ఆమెకంటే నాలుగైదేళ్ళు చిన్నవాళ్ళు, నోళ్ళు తెరుచుకుని చూశారు.

"అక్కా, కొండ కూడా జల్లిస్తావా?"

"మీకు పిల్లలు పుట్టాక మాట్లాడండ్రా."

పిల్ల ఆ జల్లించిన నేలను దాటి, సరాసరి వాగులోకే వెళ్ళి రాయి ఏరుకుంది.

రోజూ సాయంత్రం సామాన్ల హాజరు ఉండేది. బాబాయి గోదాము గుమ్మంలో నిలబడి చదివేవాడు. "సుత్తులు, ఒకటి నుంచి పన్నెండు?" "ఉన్నాయి." "దిక్సూచులు, పదమూడు నుంచి ఇరవై?" "ఉన్నాయి." అలా అలా వచ్చి, "ముప్పై ఏడు?" అనగానే పిల్ల చెయ్యెత్తేది. మూడో రోజు నుంచి ఎవరూ నేర్పకుండానే ఎత్తింది. ఆయన ముఖంలో చిరునవ్వన్న మాట ఉండేది కాదు. టిక్కు పెట్టుకుని పుస్తకం మూసేవాడు.

ఐదో రోజున అసలు కథ జరిగింది. కొండ చరియలో ఒక బూడిదరంగు పొర ఉంది, మనిషెత్తు మందం. అది బురదరాయి అని మాస్టారు ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాడు. ఆ ఏడూ అదే చెప్పాడు. ఎవరో ఒక పలుకు విరిచి ఆమెకిచ్చారు. ఆమె కొరికేలోపే పిల్ల దాన్ని లాక్కుని కొరికింది. బురదరాయయితే పిల్ల చప్పరించి రెండోసారి కొరికేది, ఆ సంగతి అప్పటికి బ్యాచంతటికీ తెలుసు. ఈసారి మొహం చిట్లించి, నాలుక బయటపెట్టి, తూ అని ఉమ్మింది.

అందరూ మాస్టారిని చూశారు.

"చిన్నపిల్ల," అన్నాడు ఆయన.

ఇంకో పలుకిచ్చారు. తూ. ఇంకాస్త పైనుంచి తీసిచ్చారు. తూ. మాస్టారు ఉన్నట్టుండి హెల్మెట్టు తీసేసి, తనే ఒక పలుకు విరిచి పళ్ళ మధ్య నూరాడు. చాలాసేపు నూరాడు. పళ్ళు కొంచెం కదిలే వయసు ఆయనది.

"నేను ఇరవై ఏళ్ళ కిందట కొరికాను," అన్నాడు చివరికి, "అప్పుడు నాకు జలుబుగా ఉండింది."

పళ్ళకూ జలుబుకూ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. ఆ పొర ఒండ్రురాయి అని తరవాత సూక్ష్మదర్శినిలో కూడా తేలింది. తేడా చిన్నది కాదు. బురదరాయి నీళ్ళను పట్టి ఆపేస్తుంది, ఒండ్రురాయి కాస్తయినా కిందికి వదులుతుంది. ఆ కొండ కింద నీళ్ళున్నాయా లేవా అన్న లెక్కే మారిపోతుంది. ఆమె తన పరిశోధన వ్యాసం మొత్తం ఆ మనిషెత్తు పొర మీదే రాసింది. పిల్ల నిద్రపోతున్నప్పుడు రాసింది, మేలుకుని ఉన్నప్పుడు ఒళ్ళో పెట్టుకుని రాసింది, జోలపాటకు బదులు ఖనిజాల పేర్లు కాఠిన్యం వరసలో చదివింది. పిల్ల ఎప్పుడూ వజ్రం దాకా మెలకువగా లేదు.

నిజాయితీ గల మనిషి కాబట్టి వ్యాసంలో పద్ధతుల అధ్యాయంలో ఇలా రాసింది: 'ప్రాథమిక రేణు పరీక్ష డిపార్ట్‌మెంటు స్టోరుకు చెందిన 37వ నంబరు పరికరంతో జరిగింది.' మౌఖిక పరీక్షకు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ వాక్యం కింద గీత గీసుకుని వచ్చాడు.

"ఈ పరికరం ఏ కంపెనీదమ్మా? నేను ఎక్కడా చూడలేదు."

"కంపెనీది కాదు సార్. ఇంట్లో తయారైంది."

"మీరే తయారుచేశారా?"

"నేనూ, మా ఆయనా."

"ఆయన కూడా జియాలజిస్టా?"

"ఫిట్టరు సార్."

"చూశారా," అన్నాడు పరీక్షకుడు మాస్టారి వైపు తిరిగి, "మన పిల్లలకి ఈ చొరవే ఉండాలి." మాస్టారు దగ్గుతూ మంచినీళ్ళ కోసం లేచి వెళ్ళిపోయాడు.

ఆమె పాసైంది. మంచి మార్కులతో పాసైంది. భూగర్భజల కార్యాలయం వాళ్ళు ఆ వ్యాసం చూసి ఉద్యోగం ఇస్తామన్నారు. ఒకే షరతు: శుక్రవారం లోపల డిగ్రీ పట్టా చూపించాలి. లేకపోతే వరసలో రెండోవాడికి పోతుంది. పట్టా కావాలంటే 'సామాన్లన్నీ తిరిగి ఇచ్చేసింది' అని అన్ని విభాగాలూ సంతకం చేసిన కాగితం కావాలి. లైబ్రరీ చేసింది. ప్రయోగశాల చేసింది. సోమవారం పొద్దున ఆమె స్టోరుకు వెళ్ళింది.

బాబాయి పుస్తకం తీసి వేలుతో కిందికి జారాడు. "సుత్తి వచ్చింది. దిక్సూచి వచ్చింది. భూతద్దం వచ్చింది. ముప్పై ఏడు రాలేదు."

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

"బాబాయ్, అది మా పిడుగు!"

"పేరేదైనా కానీ. అప్పజెప్పినట్టు నీ సంతకం ఇదిగో. తీసుకున్నట్టు నీ సంతకం ఇదిగో. తిరిగి ఇచ్చినట్టేదీ?"

"దాన్ని తిరిగి ఇవ్వడమేమిటి? నేను కన్నాను దాన్ని!"

"కన్నావు కాబట్టే కదమ్మా అప్పజెప్పగలిగావు. నాది కానిది నేను ఇచ్చానంటావా? ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నామీద ఆ మచ్చ లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "పైగా ఒక చిక్కుంది. ఈ ఏడు బ్యాచి వాళ్ళు శిబిరానికి ఇండెంటు పెట్టారు. నీ వ్యాసం చదివారట. ముప్పై ఏడు కావాలంటున్నారు."

ఆమెకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. భూకంపాల పాఠం చదివిన మనిషికి ఆ ఉపమానం తేలిగ్గా రాదు, కానీ వచ్చింది.

పుస్తకం ప్రకారం వస్తువు లెక్కలోంచి పోవడానికి దారులు రెండే. ఒకటి, పోయిందని రాసిచ్చి పోలీసుల దగ్గర ఫిర్యాదు కాగితం తేవడం. రెండు, పాడైపోయి పనికిరాదని రాసివ్వడం. మాస్టారి దగ్గరికి పరుగెత్తితే ఆయన కూడా తల గోక్కున్నాడు.

"రెండోది రాసిచ్చెయ్యమ్మాయ్. కాగితమే కదా. నేనూ సంతకం పెడతా. 'పూర్తిగా పనికిరానిది, బాగుచేయడానికి వీల్లేదు.' అయిపోయె."

ఫారం ఇంటికి తెచ్చుకుంది. మంగళవారమంతా అది బల్ల మీదే ఉంది. అందులో పేరు, నంబరు నింపింది. 'పనికిరాకపోవడానికి కారణం' అన్న దగ్గర ఆగిపోయింది. ఆమె శాస్త్రం చదువుకున్న మనిషి. కాగితం మీద రాసిన మాటకు పిల్ల ఒంటికి ఏమీ కాదని ఆమెకు తెలుసు. తెలిసీ రోజుకు మూడుసార్లు పిల్ల నుదురు తాకి చూసే మనిషి కూడా ఆమే. కలం కదల్లేదు.

ఈలోగా అత్తగారు ఆ కాగితం చూసింది. కూడబలుక్కుని చదివింది.

"లక్షణమైన పిల్లని పట్టుకుని పనికిరానిదని రాసిస్తావుటే? నీ చేతులెలా వస్తాయి?"

"రావట్లేదు అత్తయ్యా. అందుకే కూర్చున్నా."

"పోయిందని రాసినా నేనూరుకోను. ముందే చెబుతున్నా." కాగితం బల్ల మీద పెట్టేసి, "అయినా ఎవడైనా కన్నబిడ్డని స్టోరుకి రాసిస్తాడా! కొండని తవ్వి ఎలకని పట్టినట్టు, మూడేళ్ళు చదివి ఇదా నువ్వు చేసింది?"

భర్త తన వంతు సలహా ఇచ్చాడు. "మా షెడ్డులో ఇలాంటివాటికి విడిభాగం మార్చామని రాస్తారు."

"దానికి ఏ భాగం మార్చావు?"

"మొన్న జుట్టు కత్తిరించాను కదా."

ఆమెకు మింగలేక కక్కలేక అన్నట్టుంది. ఒకవైపు ఉద్యోగం, మూడేళ్ళ చదువు. ఇంకోవైపు కాగితం మీద నాలుగు అక్షరాలు. ఎవరైనా వింటే నవ్విపోతారు. నవ్వేవాళ్ళకు ఏడాదిన్నర పిల్ల జ్వరంలో థర్మామీటరు గీత పైకి పాకడం చూసిన అనుభవం ఉండకపోవచ్చు.

గురువారం పిల్లను వెంటబెట్టుకుని స్టోరుకు వెళ్ళింది. వస్తువును కళ్ళారా చూడందే ఏ ఫారమైనా తీసుకోనని బాబాయి కబురు పెట్టాడు మరి. మాస్టారు కూడా వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. పిల్లను కాటా మీద నిలబెట్టారు. ఇప్పుడు కూర్చోదట, నిలబడుతుందట.

"పదమూడు కిలోల రెండు వందలు," అన్నాడు బాబాయి. పుస్తకం చూశాడు. కాటా చూశాడు. పిల్లను దింపి, మళ్ళీ ఎక్కించి చూశాడు. "రెండు కిలోల ఎనిమిది వందలు ఎక్కువుంది."

"పెరిగింది బాబాయ్."

"స్టోరులో వస్తువు అరుగుతుందమ్మా. విరుగుతుంది, తుప్పు పడుతుంది, పోతుంది. పెరగదు. తక్కువొస్తే దొంగతనం అంటారు, విచారణ చేసి వదిలేస్తారు. ఎక్కువొస్తే ఎక్కడి నుంచి తెచ్చావంటారు. దానికి నేనేం చెప్పను?"

"అందుకే అంటున్నా, పనికిరాదని రాసేద్దాం," అన్నాడు మాస్టారు.

"రాయను సార్," అంది ఆమె. అన్నాక ఆ గొంతు తనదేనా అనిపించింది. "ఉద్యోగం పోయినా రాయను."

పిల్ల మాత్రం కాటా దిగుతూ ఎక్కుతూ ముల్లు ఊగడం చూసి నవ్వుతోంది. ఆమె పుస్తకం తనవైపు తిప్పుకుంది. తెలియని పొర ఎదురైతే పైనా కిందా పొరలు చూడమని కదా ఆమె నేర్చుకున్నది. పేజీలు వెనక్కి తిప్పుతూ పోయింది. సుత్తి, పిడి విరిగింది, పనికిరాదు. త్రాసు రాయి, పోయింది, ఫిర్యాదు జతచేయబడింది. ఇంకా వెనక్కి వెళితే, పందొమ్మిదేళ్ళ కిందటి ఒక వరుసలో అదే గుండ్రటి చేతిరాత: 'రాతి ఉప్పు గడ్డ, ఒకటి. వానాకాలపు తేమకు రూపం మారినది. సహజ మార్పు. లెక్క నుంచి తీసివేయడమైనది.'

"ఇదేమిటి బాబాయ్?"

ఆయన వంగి చూశాడు. "అదా? అది ఉప్పు. నీరుకారిపోయింది. అది పోయిందనడానికి లేదు, ఎదురుగానే ఉంది. పాడైందనడానికీ లేదు, ఉప్పు ఉప్పుగానే ఉంది. రిజిస్టరులో రాసిన గడ్డ మాత్రం లేదు. అప్పటి పెద్దసారు ఈ మూడో దారి పెట్టించాడు."

"ఇదీ అంతే కదా?"

"ఉప్పు తగ్గిందమ్మా. ఇది పెరిగింది."

"మార్పు అంటే తగ్గడం ఒక్కటేనా సార్?" అని ఆమె మాస్టారిని అడిగింది.

మాస్టారు తరగతిలో నిలబడినట్టు నిటారుగా నిలబడ్డాడు. "శాస్త్రంలో అలా లేదు," అన్నాడు గంభీరంగా.

బాబాయి సొరుగులోంచి పసుపెక్కిన ఒక ఫారం తీశాడు. "సరే. కానీ ప్రతి లక్షణమూ మారినట్టు తేలాలి. బరువు, మారింది." టేపు వేశాడు. "పొడవు, తొంభై. మారింది. పళ్ళు?" పిల్ల నోరు తెరిచింది. "పద్దెనిమిది, ఇంకో రెండు వస్తున్నాయి. మారింది. ఇక ఉపయోగం." వేలు ఆగింది. "'రాయి కొరికి రేణువు తెలుపును.' ఇది ఇంకా తెలుపుతుంటే అదే వస్తువు. అప్పుడు నేనేం చెయ్యలేను. పరీక్షించాలి."

ఆ అలవాటు మాన్పించడానికి ఆరు నెలలుగా ఆమె చేయని ప్రయత్నం లేదు. బతిమాలింది, బెదిరించింది, తనే కొరకడం మానేసింది. ఇంట్లో నాలుగు వారాలుగా పిల్ల రాయి జోలికి పోలేదు. కానీ నాలుగు వారాలంటే చాలా తక్కువ పరిశీలన. బాబాయి డబ్బా తీసి, ఆ కొండచరియ బూడిదరంగు రాతి పలుకు ఒకటి పిల్ల అరచేతిలో పెట్టాడు.

పిల్ల రాయి చూసింది. తిప్పి చూసింది. ఎత్తి ముక్కు దాకా తెచ్చింది. ఆమె నోరు తెరిచి అరవబోయి, పరీక్షలో జోక్యం చేసుకోకూడదని పెదవి కొరుక్కుంది.

"ఇది రాయి," అంది పిల్ల. బాబాయి చేతిలో తిరిగి పెట్టేసింది. "నువ్వు తిను."

బాబాయి పలుకును చూశాడు, పుస్తకాన్ని చూశాడు. పరీక్షకు ఇచ్చింది నిజంగా ఆ ఒండ్రురాయేనని ధ్రువీకరించాల్సిన బాధ్యత తనదే. ముప్పై ఒక్క ఏళ్ళుగా వేల రాళ్ళను తూచి, కొలిచి, డబ్బాల్లో సర్దిన ఆ మనిషి ఒక్కదాన్నీ కొరికి ఎరగడు. ఆ పూట పలుకును పళ్ళ మధ్య పెట్టుకుని నూరాడు.

"కరకరమంటోంది," అన్నాడు. ముఖంలో ఏదో వెలుగొచ్చింది. "మాస్టారూ, నిజంగానే కరకరమంటోంది!"

"అవును," అన్నాడు మాస్టారు ముభావంగా. "తెలుసు."

బాబాయి 'ఉపయోగం, మారింది' అని రాసి కాగితం ఆమె ముందుకు తోశాడు. చివరి వరుస అచ్చులోనే ఉంది: 'పై వివరాలు గల వస్తువు ఇప్పుడు లేదని ధ్రువీకరిస్తున్నాను.'

ఆమె కలం పట్టుకుని మళ్ళీ ఆగింది. ఈసారి భయంతో కాదు. వివరాలు ఒక్కొక్కటీ చదివింది. పది కిలోల నాలుగు వందలు. ఎనభై సెంటీమీటర్లు. పన్నెండు పళ్ళు. 'ముప్పై ఏడు' అనగానే చెయ్యెత్తేది, నాలుగడుగులకు ఒకసారి పడేది, బురదరాయయితే రెండోసారి కొరికేది. ఆ వాక్యంలో అబద్ధం ఎక్కడుందా అని వెతికింది. ఎక్కడా లేదు. ఆ మార్పు ఎప్పుడు జరిగిందో కూడా ఆమెకు తెలియదు. తను పక్కనే ఉంది, రోజూ నుదురు తాకి చూసింది, అయినా కనిపెట్టలేదు. సంతకం పెట్టింది. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి.

బాబాయి స్కేలు పెట్టి ముప్పై ఏడో నంబరును ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాడు. ఆమె కాగితం మీద ముద్ర వేశాడు. వేసి, కాటా మీద గెంతుతున్న పిల్ల వైపు కలం చూపించాడు.

"మరి ఈ ఉన్నది ఎవరిది?"

"నాది బాబాయ్."

"అయితే గేటు పాసు కావాలి. స్టోరుది కాని వస్తువు స్టోరులోంచి ఊరికే బయటికి పోకూడదు." చీటీ మీద రాశాడు: 'పాప, ఒకటి. బయటిది. తల్లి సొంతం.'

ఆమె చీటీ పిడికిట్లో పట్టుకుని పిల్లను ఎత్తుకోబోయింది. మూడు కిలోలు ఎక్కువైన సంగతి నడుముకు తెలిసింది.

"దించు," అంది పిల్ల. "నడుస్తా."

దించింది. నడవలేదు, వసారాలోకి పరుగెత్తింది.

"మెల్లగా! మెట్లున్నాయి! ఆగు!" అంటూ ఆమె వెంటపడింది. ముద్ర వేసిన కాగితం బల్ల మీదే ఉండిపోయింది. మెట్ల మలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. బాబాయి ఒక చేత్తో కళ్ళజోడు పట్టుకుని, రెండో చేత్తో ఆమె కాగితం ఊపుతూ, "అమ్మా, పట్టా! నీ పట్టా కాగితం!" అని అరుస్తూ వసారా అంతా పరుగెత్తుకొస్తున్నాడు. నోట్లో ఇంకా ఏదో కొరుకుతూనే ఉన్నాడు.